సీసా మూత దగ్గర తేలని సంగతి: పురుషుల పరిమళాలు, స్నాన ద్రవ్యాల పరీక్ష

కొత్త సెంటును పరీక్షించే మనిషి సాధారణంగా చేసే పని ఒకటే. మణికట్టు మీద ఒకసారి చల్లుకుని, వెంటనే ముక్కు దగ్గరకు తెచ్చుకుని, గట్టిగా పీల్చి, అర నిమిషంలో బాగుందనో బాగాలేదనో తేల్చేస్తాడు. షవర్ జెల్ విషయంలో ఇంకా తక్కువ సమయం పడుతుంది. మూత తెరిచి, సీసాను కొద్దిగా నొక్కి, బయటికి వచ్చిన గాలిని వాసన చూడటంతో పరీక్ష ముగిసిపోతుంది. ఆ అర నిమిషంలో ముక్కుకు అందేది ఆ పరిమళంలో అతి తక్కువ కాలం నిలిచే భాగం మాత్రమే. తర్వాత ఆరేడు గంటలపాటు ఒంటిని అంటిపెట్టుకుని, పక్కన కూర్చున్నవారికి కూడా తగిలే వాసన దానికి పూర్తిగా భిన్నంగా ఉండవచ్చు. ఇష్టపడి కొన్న సీసా నెల తిరగకుండానే వెగటు పుట్టించడానికి వాడేవారి చపలత్వం కంటే ఈ పరీక్షా విధానమే ఎక్కువ కారణం.

పరిమళం అంటే పదుల సంఖ్యలో, ఒక్కోసారి వందకు పైగా, సుగంధ పదార్థాలను కలిపి ఆల్కహాల్‌లో కరిగించిన ద్రవం. చర్మం మీద పడగానే ముందుగా ఎగిరిపోయేది ఆల్కహాల్. తొలి ఘాటు దానిదే. దాని వెంటే నిమ్మ, నారింజ, బెర్గమాట్ తొక్కల వాసనలు, లావెండర్‌లోని తేలికైన భాగం లేస్తాయి. వీటినే టాప్ నోట్స్, అంటే పై వాసనలు, అంటారు. పావుగంట, అరగంట దాటేసరికి ఇవి పలచబడి జెరేనియం వంటి పూల వాసనలు, దినుసుల వాసనలు పైకి వస్తాయి. మూడు నాలుగు గంటల తర్వాత మిగిలేవి గంధపు చెక్క, దేవదారు, వట్టివేరు, ప్యాచులీ, కస్తూరిని పోలిన కృత్రిమ పదార్థాలు, వెనిలా వాసననిచ్చే వెనిల్లిన్, ఎండు గడ్డి వాసననిచ్చే కౌమరిన్ మొదలైన బేస్ నోట్స్, అంటే అడుగు వాసనలు. ఒక దశ ముగిశాక మరొకటి మొదలవుతుందని అనుకోవడం మాత్రం సరికాదు. అన్నీ మొదటి క్షణం నుంచీ ఆవిరవుతూనే ఉంటాయి. త్వరగా ఎగిరేవి గట్టిగా వినిపిస్తున్నంతసేపు, నెమ్మదిగా ఎగిరేవి వాటి చాటున ఉండిపోతాయి.

తేలికైన అణువులు త్వరగా, బరువైనవి నెమ్మదిగా ఆవిరవుతాయన్నది స్థూలంగా నిజం. నిమ్మ జాతి తొక్కల్లో ఉండే లిమోనీన్ అణుభారం 136, కృత్రిమ కస్తూరిగా వాడే గెలాక్సొలైడ్ అణుభారం 258. మొదటిది కాసేపట్లో మాయమైతే రెండోది మర్నాటి వరకూ బట్టల్లో ఉంటుంది. అయితే బరువొక్కటే లెక్క కాదు. లావెండర్ వాసనకు ముఖ్యమైన లినలూల్ అణుభారం 154, వెనిల్లిన్ అణుభారం 152. దాదాపు సమానమైన ఈ రెండింటిలో లినలూల్ సుమారు 198 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగితే, వెనిల్లిన్ 285 డిగ్రీల దాకా మరగదు. వెనిల్లిన్ అణువులు ఒకదాన్నొకటి మరింత గట్టిగా పట్టుకుని ఉండటమే ఇందుకు కారణం. అందుకే కాగితం మీద చుక్క లినలూల్ కొన్ని గంటల్లో జాడ లేకుండా పోతుంది, వెనిల్లిన్ రోజుల తరబడి నిలుస్తుంది. తియ్యటి వాసన వేసే పరిమళాలు సాయంత్రం దాకా ఉంటాయనీ, నిమ్మ వాసన వేసేవి ఉదయమే అయిపోతాయనీ వాడకందారులు చెప్పే మాటకు ఆధారం ఇదే. నిమ్మ వాసన నిలవకపోవడాన్ని నాసిరకానికి గుర్తుగా తీసుకోవడం అన్యాయం. ఎంత ఉత్తమమైన తయారీలోనైనా ఆ వాసన ఆయుష్షు అంతే.

సీసా మీద ఉండే ఫ్రెంచి పేర్లు సుగంధ తైలాల పాళ్లను సూచిస్తాయి. ఓ డి కొలోన్‌లో అవి సుమారు 2 నుంచి 5 శాతం, ఓ డి టాయ్‌లెట్‌లో 5 నుంచి 15 శాతం, ఓ డి పర్ఫ్యూమ్‌లో 15 నుంచి 20 శాతం, పర్ఫ్యూమ్ అని మాత్రమే రాసినదానిలో అంతకు మించి ఉంటాయని చెప్పుకుంటారు. ఇవి వ్యాపారంలో స్థిరపడిన అలవాట్లే గాని కచ్చితమైన కొలతలు కావు. పైగా ఒకే పేరుతో వచ్చే టాయ్‌లెట్, పర్ఫ్యూమ్ రకాలు ఒకే ద్రవానికి పలుచన, చిక్కన రూపాలు కాకపోవచ్చు. చిక్కని రకంలో అడుగు వాసనలను పెంచి, పై వాసనలను మార్చి, దాదాపు వేరే పరిమళంగా తయారు చేయడం మామూలే. ఒకదాన్ని వాసన చూసి మరొకదాన్ని కొనడం వల్ల వచ్చే నిరాశ చాలామందికి అనుభవమే.

ద్రవం సంగతి ఇలా ఉంటే ముక్కు పరిమితులు మరో వైపు ఉన్నాయి. మనిషి ముక్కులో వాసనను గుర్తించే గ్రాహకాలు సుమారు 400 రకాలు. వాటి జన్యువులు అందరిలో ఒకే తీరుగా ఉండవు కాబట్టి ఒకే సీసా ఇద్దరికి రెండు రకాలుగా తోచడంలో వింత లేదు. కృత్రిమ కస్తూరుల్లో కొన్నింటిని అసలు పసిగట్టలేనివారు గణనీయంగా ఉన్నారు. మిగతా వాసనలన్నీ చక్కగా తెలిసే మనిషికి ఆ ఒక్కటి మాత్రం శూన్యంగా ఉంటుంది. అలాంటి వ్యక్తి తన సెంటు గంటలో పోయిందని భావించి మళ్లీ మళ్లీ చల్లుకుంటాడు, ఎదుటివారికి మాత్రం ఊపిరాడదు. ఈ లోపం లేనివారికి కూడా ముక్కు అలవాటుపడే గుణం ఉంది. ఒకే వాసనను కొన్ని నిమిషాలు ఎడతెగకుండా పీలిస్తే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. కనుక పరిమళం ఎంతసేపు నిలిచిందో తేల్చడానికి వేసుకున్న మనిషి ముక్కు నమ్మదగిన సాక్షి కాదు. కాసేపు బయట తిరిగి వచ్చి చూడటం, లేదా ఇంట్లో మరొకరిని అడగడం మేలు.

సెంట్ల మధ్యలో కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు తేరుకుంటుందన్న నమ్మకం అమ్మకపు కౌంటర్ల దగ్గర బాగా పాతుకుపోయింది. మామూలు గాలి పీల్చడం కంటే కాఫీ గింజల వల్ల అదనపు లాభమేమీ లేదని 2011లో వెలువడిన ఒక ప్రయోగం తేల్చింది. తర్కం కూడా అదే చెబుతుంది: అలసిన ముక్కుకు కావలసింది విశ్రాంతి, మరో ఘాటైన వాసన కాదు. సెంటు తగలని సొంత చొక్కా చేతిమడత దగ్గర నాలుగు సార్లు ఊపిరి తీసుకోవడం ఇంతకంటే సులువు.

ఈ రెండు రకాల పరిమితులనూ దృష్టిలో పెట్టుకుంటే పరీక్షకు ఒక పద్ధతి దానంతటదే ఏర్పడుతుంది. వాసన చూసే కాగితపు పట్టీలు వడపోతకు పనికొస్తాయి, తీర్పుకు పనికిరావు. ఒక్కో పట్టీ మీద పేరు, చల్లిన సమయం రాసుకుని, ఆల్కహాల్ ఎగిరేదాకా అర నిమిషం ఆగి, ముక్కుకు తాకించకుండా దగ్గరగా పెట్టి చూడాలి. అలా నాలుగైదు చూశాక ముక్కు మొద్దుబారుతుంది కాబట్టి అక్కడితో ఆపడం మంచిది. వెంటనే నచ్చనివాటిని వదిలేసి మిగిలిన పట్టీలను విడివిడిగా దాచి, రెండు గంటల తర్వాత ఒకసారి, మర్నాడు ఉదయం ఒకసారి చూస్తే అడుగు వాసన ఎలాంటిదో తెలుస్తుంది. ఉదయాన కాగితం మీద మిగిలినది నచ్చకపోతే, తొలి క్షణంలో ఎంత మురిపించినా ఆ సీసా జోలికి పోకపోవడమే క్షేమం.

కాగితం పరీక్షలో నెగ్గిన ఒకటి రెండింటిని చర్మం మీదకు తేవచ్చు. చర్మానికి వేడి ఉంది, జిడ్డు ఉంది, తేమ ఉంది. ఈ మూడూ కాగితానికి లేవు. పొడిచర్మం మీద పరిమళం తొందరగా ఎగిరిపోతుంది, కాస్త నూనెదనం ఉన్న చర్మం దాన్ని పట్టి ఉంచుతుంది. ఒక్కో ముంజేతికి ఒక్కటి చొప్పున, 15 సెంటీమీటర్ల దూరం నుంచి ఒకసారి చల్లి, తడి ఆరేదాకా వదిలేయాలి. రెండు మణికట్లను రాపాడిస్తే పరిమళపు అణువులు నలిగిపోతాయన్న మాటలో నిజం లేదు. అణువులు అలా నలగవు. కాకపోతే రాపిడి వేడికి పై వాసనలు త్వరగా ఎగిరి, ఒక చేతి జిడ్డు మరో చేతికి అంటి, పరీక్ష గజిబిజి అవుతుంది. ఇంతకంటే ముఖ్యం, ఆ రోజు సువాసన లేని సబ్బుతో స్నానం చేసి ఉండటం. ఒంటిమీద అప్పటికే మూడు రకాల వాసనలుండగా నాలుగోదాన్ని పరీక్షించడం, రంగు కాగితం మీద మరో రంగును పోల్చి చూడటం లాంటిది.

పరీక్ష ఒక్క రోజుతో సరిపోదని కూడా గట్టిగా చెప్పాలి. ఎండ వేడికి పరిమళం వేగంగా, గట్టిగా వ్యాపిస్తుంది. చలిలో ముడుచుకుని ఒంటికి దగ్గరగా ఉంటుంది. చలిరోజున హాయిగా తోచిన తియ్యటి, బరువైన వాసన మండే ఎండలో తలనొప్పి తెప్పించవచ్చు. చిన్న నమూనా సీసా తెచ్చుకుని వేర్వేరు వాతావరణాల్లో, పని రోజున ఒకసారి, తీరిక రోజున ఒకసారి వేసుకున్న తర్వాతే పెద్ద సీసా గురించి ఆలోచించడం ఖర్చు కలిసొచ్చే పని.

'పురుషులకు' అని సీసా మీద రాసే మాట గురించి కూడా కొంత ఆలోచించవలసి ఉంది. అణువులకు ఆడా మగా తేడా లేదు. జర్మనీలోని కొలోన్ నగరంలో 1709లో స్థాపితమైన ఫరీనా సంస్థ ప్రసిద్ధం చేసిన నిమ్మ జాతి పరిమళ జలాన్ని స్త్రీలూ పురుషులూ సమానంగా వాడుకున్నారు. ఫ్రాన్స్‌లోని ఊబిగాన్ పరిమళ సంస్థ కోసం పాల్ పార్కే 1882లో తయారు చేసిన 'ఫుజేర్ రాయల్' ఈ చరిత్రలో పెద్ద మలుపు. ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త విలియం హెన్రీ పెర్కిన్ 1868లో ప్రయోగశాలలో తయారు చేసిన కౌమరిన్‌ను, అంటే ఎండు గడ్డి వాసనను గుర్తుకు తెచ్చే పదార్థాన్ని, లావెండర్‌తోనూ చెట్ల మీద పెరిగే ఓక్‌మాస్ వాసనతోనూ జోడించిన పరిమళం అది. ఫుజేర్ అంటే ఫెర్న్ మొక్క. ఆ మొక్కకు చెప్పుకోదగిన వాసనే లేదు. లేని వాసనను ఊహించి కట్టిన ఆ కూర్పు క్రమంగా గడ్డం సబ్బుల్లోకి, ఆఫ్టర్‌షేవ్‌లలోకి, క్షౌరశాలల్లోకి పాకి, 'మగవారి వాసన' అనగానే చాలామందికి స్ఫురించేదిగా స్థిరపడింది. ఏడేళ్ల తర్వాత, 1889లో, గెర్లాన్ సంస్థ తెచ్చిన 'జికీ'లో కూడా లావెండర్, కౌమరిన్, వెనిల్లిన్ ఉన్నాయి. దాన్ని స్త్రీలూ పురుషులూ ఇద్దరూ వాడారు.

సబ్బుకూ సెంటుకూ మధ్య ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఇరవయ్యో శతాబ్దంలో మరింత పెరిగింది. శుభ్రమైన, చల్లని, లోహపు ఛాయ ఉన్న లావెండర్ వాసననిచ్చే డైహైడ్రోమిర్సెనాల్ అనే పదార్థం సబ్బులకు, బట్టలు ఉతికే పొడులకు ఎంతో అనువైనది, క్షారానికి తట్టుకుంటుంది, చవకైనది కూడా. 1982లో వచ్చిన 'డ్రాకర్ న్వార్', 1988లో వచ్చిన 'కూల్ వాటర్' అనే మగవారి సెంట్లు దాన్ని పెద్ద మోతాదులో వాడి, అప్పుడే స్నానం చేసి వచ్చిన మనిషి అనే భావననే పరిమళంగా మార్చాయి. వాటిని అనుకరించిన షవర్ జెల్‌లు, డియోడరెంట్‌లు లెక్కలేనన్ని. అందువల్ల ఈనాడు మగవారి సెంటును పరీక్షిస్తూ 'సబ్బు వాసన వస్తోంది' అని ఎవరైనా అంటే, అది తప్పుపట్టవలసిన మాట కాదు, చరిత్ర తెలియకుండానే చరిత్రను సరిగ్గా పసిగట్టిన మాట. సీసా రంగు, దాని మీది మాట పక్కన పెట్టి కళ్లు మూసుకుని వాసన చూడటం వల్ల ఎంపికకు అవకాశం రెట్టింపవుతుంది. గులాబీ వాసన ఒక మగవాడి చర్మం మీద ఎంత గంభీరంగా ఉండగలదో అప్పుడు గాని తెలియదు.

స్నాన ద్రవ్యాల పరీక్షకు ఈ పద్ధతి యథాతథంగా పనికిరాదు, ఎందుకంటే అక్కడ పరిమళాన్ని మోసేది ఆల్కహాల్ కాదు. షవర్ జెల్‌లో నురగనిచ్చే పదార్థాలు నీటిలో సూక్ష్మమైన గుత్తులుగా ఏర్పడి, నూనె స్వభావం గల సుగంధ పదార్థాలను తమ లోపల బంధించి ఉంచుతాయి. జెల్ చిక్కగా ఉన్నంతసేపు వాసన అణిగి ఉంటుంది. నీరు కలిసి పలచబడగానే ఆ బంధం సడలి, వేడినీటి ఆవిరితో కలిసి గది నిండా ఒక్కసారిగా గుప్పుమంటుంది. సీసా మూత దగ్గర మందంగా, మామూలుగా తోచిన జెల్ నీటి కింద అద్భుతంగా విచ్చుకోవడం, మూత దగ్గర మురిపించినది ఆవిరిలో ఊపిరి సలపనివ్వకపోవడం రెండూ జరిగేవే. దుకాణంలోనైనా సరే, అవకాశముంటే, రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని గోరువెచ్చని నీటితో నురగ తెప్పించి చూడటం ఒక్కటే అర్థవంతమైన పరీక్ష. కడిగిన తర్వాత చెయ్యి తుడుచుకుని పది నిమిషాలకు మరోసారి చూడాలి. జెల్‌లో సువాసన పాళ్లు సుమారు ఒక శాతానికి అటూ ఇటూ మాత్రమే. అందులోనూ అధికభాగం నీటితో పోతుంది. చర్మానికి అంటి మిగిలేవి నీటిలో కరగని కస్తూరులు, చెక్క వాసనల వంటి కొన్నే. కనుక షవర్ జెల్ వాసన రోజంతా నిలవలేదని బాధపడటం అనవసరం. అది స్నానపు పది నిమిషాల కోసం తయారైనది, దాన్ని ఆ పది నిమిషాలను బట్టే తూచాలి.

గట్టి సబ్బు కథ వేరు. నూనెలను క్షారంతో కలిపి చేసే అసలు సబ్బు పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత, 9 నుంచి 10 వరకూ ఉంటుంది. నిమ్మ వాసననిచ్చే సిట్రాల్ వంటి పదార్థాలు ఆ క్షారంలో నిలవక చెడిపోతాయి; వెనిల్లిన్ నిలుస్తుంది గాని సబ్బును గోధుమ రంగుకు తిప్పుతుంది. ఒకే పేరుతో సెంటు, జెల్, సబ్బు మూడూ వస్తే మూడింటి వాసన అచ్చంగా ఒకేలా ఉండకపోవడానికి కారణం తయారీదారు ఉదాసీనత కాదు, ఒక్కో మాధ్యమానికి సరిపడేలా కూర్పును మార్చక తప్పకపోవడం. ఆరోగ్యవంతమైన చర్మం పీహెచ్ 5కు దగ్గరగా, కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది కాబట్టి, చర్మం పొడిబారే స్వభావం ఉన్నవారు సువాసనకు ముందు స్నానం తర్వాత చర్మం బిగుసుకుపోతోందా అన్నది చూసుకోవాలి. స్నానపు నూనెలు, లవణాలు నీటిలో నానే తొట్టి స్నానానికి ఉద్దేశించినవి. నూనెలు చర్మం మీద పొరగా మిగిలి సువాసనను ఎక్కువసేపు పట్టి ఉంచుతాయి, అదే పొర తొట్టి అడుగున జారుడు తెస్తుంది కనుక లేచేటప్పుడు జాగ్రత్త అవసరం.

సబ్బు, డియోడరెంట్, ఆఫ్టర్‌షేవ్, సెంటు ఇలా నాలుగు వాసనలు ఒకే ఒంటిమీద కలిసే పరిస్థితి మగవారి సామగ్రిలోనే ఎక్కువ. వీటిలో డియోడరెంట్ తరచుగా అన్నిటికంటే గట్టిది. చెమటకు దానంతట దానికి వాసన లేదు. చంకల్లోని బ్యాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడు పుట్టే ఆమ్లాలది ఆ వాసన. దాన్ని కప్పేందుకు డియోడరెంట్‌లో వేసే సువాసన ఘాటుగా ఉండక తప్పదు, ఖరీదైన సెంటు కూడా దాని ముందు తేలిపోతుంది. ఒకే వరుసలోని నాలుగూ కొనమని వ్యాపారం సలహా ఇస్తుంది. వాసన లేని డియోడరెంట్, తేలికపాటి సబ్బు వాడి, ఒక్క సెంటుకు చోటు విడిచిపెట్టడం అంతకంటే ఫలితమిచ్చే మార్గం.

చర్మానికి పడుతుందా లేదా అన్నది వాసన కంటే ముందు తేలవలసిన ప్రశ్న. మోచేతి మడత లోపల కొద్దిగా రాసి ఒకటి రెండు రోజులు గమనిస్తే దురద, ఎరుపు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. ఇప్పుడే గీసుకున్న గడ్డం మీద మాత్రం కొత్తదాన్ని ఎప్పుడూ పరీక్షించకూడదు. కత్తి చేసిన కంటికి కనబడని గీతల్లోంచి ఆల్కహాల్ మంట పెడుతుంది, ఏది మంటో ఏది అలర్జీయో తేడా తెలియదు. బెర్గమాట్ తైలంలో సహజంగా ఉండే బెర్గాప్టెన్ అనే పదార్థం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలిన మచ్చలు పడతాయి. అందుకే పరిమళాల్లో ఇప్పుడు ఎక్కువగా అది తొలగించిన తైలాన్నే వాడుతున్నారు, కానీ సొంతంగా తైలాలు కలుపుకునేవారు దీన్ని మరువకూడదు. యూరోపియన్ యూనియన్ 2005 నుంచి 26 సుగంధ పదార్థాల పేర్లను, నిర్ణీత పరిమాణం దాటితే, లేబుల్ మీద విడిగా రాయడం తప్పనిసరి చేసింది. ఒంటిమీద ఉంచుకునే వాటికి ఆ పరిమితి 0.001 శాతం, కడిగేసే వాటికి 0.01 శాతం. 2023లో ఆ జాబితాను 80కి పైగా పెంచారు. సబ్బుల్లో, ఆఫ్టర్‌షేవ్‌లలో ఏళ్ల తరబడి వాడిన లిలియల్ అనే పూల వాసన పదార్థాన్ని 2022 మార్చి నుంచి అక్కడ పూర్తిగా నిషేధించారు. 'సహజమైనది' అనే మాట ఈ విషయంలో ఏ భరోసా ఇవ్వదు. అలర్జీ కలిగించే లినలూల్, లిమోనీన్ మొక్కల తైలాల నుంచి వచ్చేవే.

ఈ రెండింటి గురించి మరో చిక్కు ఉంది, అది ముఖ్యంగా నమూనా సీసాలను ఇబ్బంది పెడుతుంది. తాజాగా ఉన్నప్పుడు ఇవి అంత ప్రమాదకరం కావు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మారినప్పుడే అలర్జీ కలిగించే గుణం బాగా పెరుగుతుంది. నిండు సీసాలో గాలి తక్కువ. సగానికి పైగా ఖాళీ అయిన చిన్న నమూనాలో ద్రవం కంటే గాలే ఎక్కువ, పైగా అది కిటికీ పక్కన ఎండలోనో స్నానాల గది వేడి తేమలోనో నెలల తరబడి పడి ఉంటుంది. అలాంటి నమూనా తెరవగానే వార్నిష్‌ను తలపించే పుల్లని వాసన వస్తే ఆ తప్పు పరిమళానిది కాదు, నిల్వది. దాన్ని చర్మానికి తాకించకుండా కాగితం మీద వేసి, తొలి పావుగంటను లెక్కలోంచి తీసేసి, ఆ తర్వాతి వాసనను మాత్రం చూడవచ్చు. అడుగు వాసన అప్పటికీ చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుంది. అది నచ్చితే కొత్త నమూనా తెప్పించుకుని పరీక్షను మొదటి నుంచి మొదలుపెట్టాలి.